దాపరికం, దీర్ఘాయువు: కృష్ణా డెల్టాలో హెచ్ఐవీతో జీవించేవారి జీవన నాణ్యత

భారతదేశంలో హెచ్ఐవీ ఉనికి మొదట 1986లో మద్రాసులో నిర్ధారణ అయింది. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచిత ఏఆర్‌టీ చికిత్సను ప్రారంభించినప్పుడు, తొలి రాష్ట్రాల జాబితాలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఉంది. 2021 అంచనాల ప్రకారం వయోజనులలో వ్యాప్తి దేశం మొత్తంమీద సుమారు 0.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం. విజయవాడకు సంబంధించిన తొలినాటి చర్చ చాలావరకు జాతీయ రహదారి, ఆటోనగర్, లారీ డ్రైవర్ల చుట్టూ తిరిగింది. ఎవరికి, ఎలా సోకిందన్నదే అప్పటి ప్రశ్న. సోకి ఇరవై ఏళ్లు గడిచిన మనిషి ఎలా జీవిస్తున్నాడన్నది నేటి ప్రశ్న.

తొలి దశలో విరివిగా వాడిన స్టావుడిన్ ప్రాణాలు నిలిపింది కాని, దీర్ఘకాలం వాడినవారిలో కొందరికి బుగ్గలు పీక్కుపోయాయి, పాదాలలో తిమ్మిర్లు వచ్చాయి. ఒక విధంగా, మందే రోగాన్ని ముఖంమీద రాసింది. తరువాత ఆ మందు తొలగిపోయింది. 2017లో సీడీ4 సంఖ్యతో నిమిత్తం లేకుండా అందరికీ చికిత్స అందించాలన్న విధానం వచ్చింది. 2020 తరువాత డొలుటెగ్రావిర్ కలిసిన రోజుకు ఒక్క మాత్ర ప్రధాన చికిత్సగా మారింది. క్రమం తప్పక వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందని స్థాయికి చేరినవారి నుంచి లైంగిక సంబంధం ద్వారా ఇతరులకు సోకదు. వారి ముఖం చూసి ఎవరూ ఏమీ పోల్చుకోలేరు. దాపరికం జీవితాంతం సాధ్యమయింది. అదే ఇప్పుడు కొత్త చిక్కు.

వయసు మీదపడుతున్నకొద్దీ షుగరు, బీపీ, గుండెజబ్బు, ఎముకల బలహీనత వస్తాయి. హెచ్ఐవీ ఉన్నవారికి గుండెజబ్బు ముప్పు ఇతరులకన్నా ఎక్కువ. ఏఆర్‌టీ మందు ప్రభుత్వ కేంద్రంలో, షుగరు మందు ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరో పట్టణంలోని ప్రైవేటు వైద్యుని దగ్గరో తీసుకుంటే ఒకరి చీటీ మరొకరికి తెలియదు. డొలుటెగ్రావిర్ వాడేవారిలో మెట్‌ఫార్మిన్ స్థాయి రక్తంలో గణనీయంగా పెరుగుతుంది. అందుచేత మెట్‌ఫార్మిన్‌ను రోజుకు 1,000 మిల్లీగ్రాములకు పరిమితం చేయాలన్న సూచన ఉంది. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్ వాడేవారు డొలుటెగ్రావిర్‌ను దానికి రెండు గంటల ముందు గాని ఆరు గంటల తరువాత గాని వేసుకోవాలి. లేకుంటే అది సరిగా ఒంటికి పట్టదు. ఖాళీ కడుపుతో వేసుకునే కాల్షియం, ఐరన్ మాత్రలకూ ఇదే నియమం. రహస్యాన్ని కాపాడుకోవడానికి మనిషి చెల్లించే మూల్యం ఇక్కడ కేవలం మానసికం కాదు.

జీవన నాణ్యతను కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన 31 ప్రశ్నల పత్రం శరీరం, మనసు, స్వతంత్రత, సామాజిక సంబంధాలు, పరిసరాలు, విశ్వాసాలు అనే ఆరు రంగాలను స్పృశిస్తుంది. తెలిసినవారు తమను అంగీకరిస్తున్నారని ఎంతవరకు అనిపిస్తోందన్నది అందులో ఒక ప్రశ్న. ఇంట్లో సైతం చెప్పని వ్యక్తి దీనికి ‘పూర్తిగా’ అని జవాబిస్తే అది అంగీకారానికి కొలత కాదు, దాపరికం ఫలించిందనడానికి గుర్తు. ఒకే అంకె రెండు భిన్నమైన జీవితాలను సూచిస్తుంది. తెలుగులో ఈ పత్రాన్ని వాడే పరిశోధకుడు ‘మీ సంగతి ఎందరికి తెలుసు?’ అని ముందు అడగక తప్పదు. ‘ఎయిడ్స్ రోగి’ అన్న పాత మాట పత్రంలో కనిపిస్తే జవాబు మరింత ముడుచుకుపోతుందన్నది వేరే చెప్పనక్కరలేదు.

2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చిన హెచ్ఐవీ చట్టం, వివరాలు తెలుసుకుని ఇచ్చిన సమ్మతి లేకుండా ఎవరి స్థితినీ వెల్లడించరాదంటుంది. కాబట్టి ‘షుగరు డాక్టరుకు చెప్పండి’ అన్న ఉపదేశం ఒక్కటే చాలదు. చెప్పకపోవడం ఆ వ్యక్తి హక్కు. బీపీ, షుగరు పరీక్షలూ మందులూ ఏఆర్‌టీ కేంద్రంలోనే అందితే, మెట్‌ఫార్మిన్ మోతాదు నిర్ణయించే వైద్యునికి డొలుటెగ్రావిర్ సంగతి అప్పటికే తెలిసి ఉంటుంది.