లోయరింగ్ స్ప్రింగ్స్ కొంటున్నారా? ‘ఎంత కిందికి దిగుతుంది’ అన్నది చివరి ప్రశ్న

ఫోన్ కొనేటప్పుడు మెగాపిక్సెల్స్ నంబర్ చూసి పడిపోవద్దని నేనే చాలాసార్లు రాశాను. తీరా నా కారుకి స్ప్రింగ్స్ కొనేటప్పుడు సరిగ్గా అదే పని చేశాను. బాక్స్ మీద ‘40 మి.మీ. డ్రాప్’ అని కనిపించగానే ఆర్డర్ పెట్టేశాను.

నాది 2003 మోడల్ మాజ్డా మియాటా. చాలా దేశాల్లో దీన్ని ఎంఎక్స్-5 అంటారు. నేనుండేది టెక్సస్‌లో. వారమంతా ఇదే కారులో ఆఫీసుకి వెళ్తాను, నెలకో ఆదివారం ఆటోక్రాస్‌కి తీసుకెళ్తాను. ఆటోక్రాస్ అంటే ఖాళీ పార్కింగ్ లాట్‌లో కోన్స్ పెట్టి, ఒక్కో కారుని విడిగా పరిగెత్తించి టైమ్ చూసే పోటీ.

కొత్త స్ప్రింగ్స్ వేశాక కారు ఫొటోల్లో అదిరిపోయింది. డాంపర్లు మాత్రం పాతవే ఉంచాను. మొదటి ఈవెంట్‌లోనే తేడా తెలిసింది. పొడవాటి మలుపు మధ్యలో చిన్న గతుకు తగిలింది. వెనక చక్రాలు ఒక్కసారిగా పట్టు వదిలేశాయి, కారు గిర్రున తిరిగి మూడు కోన్స్‌ని పడగొట్టింది. పక్క సీట్లో మా తమ్ముడున్నాడు. కారు ఆగాక వాడు అడిగిన మాట ఒక్కటే: “అన్నయ్యా, రేపు పొద్దున హైవే ర్యాంప్ మీద ఇలాగే అయితే?”

నా దగ్గర జవాబు లేదు.

తప్పు పట్టించిన గ్యాడ్జెట్ ఏది?

10 హెర్ట్జ్ జీపీఎస్ లాగర్, ఓబీడీ డాంగిల్, యాక్షన్ కెమెరా అన్నీ నా దగ్గరున్నాయి. కారు ఎక్కడ జారిందో అవి చెప్పాయి కానీ ఎందుకు జారిందో చెప్పలేదు. అది చెప్పింది ఒక జిప్ టై. డాంపర్ రాడ్ చుట్టూ దాన్ని కట్టి, కిందికి జరిపి ఉంచి, ఒక రన్ చేసి చూడండి. సస్పెన్షన్ ఎంతవరకు నొక్కుకుందో టై అక్కడ ఆగిపోతుంది. నా కారుకి వెనక రెండు వైపులా అది బంప్ స్టాప్‌కి గట్టిగా ఆనుకుని ఉంది.

బంప్ స్టాప్ అంటే సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు లోహానికి లోహం తగలకుండా ఆపే రబ్బరు లేదా ఫోమ్ ముక్క. మొదటి రెండు తరాల మియాటాలకి సస్పెన్షన్ ట్రావెల్ అసలే తక్కువ. అందులో 40 మి.మీ. నేనే తినేశాను. మలుపులో కారు దాని మీద కూర్చోగానే స్ప్రింగ్ ఉన్నట్టుండి ఎన్నో రెట్లు గట్టిపడినట్టు అవుతుంది. వెనక ఇలా జరిగితే వెనక టైర్లు జారతాయి. నాకు జరిగింది అదే.

కిందికి దించితే వచ్చే లాభం ఎంత?

మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదకి ఎంత బరువు మారుతుందనేది సెంటర్ ఆఫ్ గ్రావిటీ ఎత్తు, చక్రాల మధ్య వెడల్పు మీద ఆధారపడుతుంది. ఆ ఎత్తు 500 మి.మీ. అనుకుంటే, కారుని 25 మి.మీ. దించితే బరువు మారడం 5 శాతం తగ్గుతుంది. లాభమే, కానీ అద్భుతం కాదు. స్ప్రింగ్ గట్టిగా ఉంటే కారు ఒరగడం తగ్గుతుంది. అంతేగానీ, అదే ఎత్తులో మొత్తంగా మారే బరువు దాదాపు అంతే ఉంటుంది. ముందు ఎంత, వెనక ఎంత అన్న వాటా మాత్రం మారుతుంది.

అసలు చూడాల్సిన నంబర్: స్ప్రింగ్ రేట్

స్ప్రింగ్‌ని ఒక మి.మీ. నొక్కడానికి ఎన్ని కేజీల బలం కావాలో అదే రేట్. అమెరికాలో అంగుళానికి పౌండ్లలో చెప్తారు, మి.మీ.కి 1 కేజీ అంటే సుమారు 56 పౌండ్లు. స్ప్రింగ్ చక్రం మీద నేరుగా కూర్చోదు కాబట్టి, చక్రం దగ్గర అసలు బలం తెలియాలంటే ఆ రేట్‌ని మోషన్ రేషియో స్క్వేర్‌తో గుణించాలి. రేషియో 0.7 అయితే చక్రానికి అందేది సుమారు సగమే.

ఒక లెక్క చూద్దాం. ఒక మూలలో స్ప్రింగ్ మీద పడే బరువు 240 కేజీలు అనుకోండి. రోడ్డు మీద, ఆటోక్రాస్‌లో రెండింటికీ పనికొచ్చేలా సెకనుకి 1.8 సార్లు ఊగే కారు కావాలంటే చక్రం దగ్గర మి.మీ.కి సుమారు 31 న్యూటన్లు కావాలి. 0.7 రేషియోతో స్ప్రింగ్ రేట్ దాదాపు 6.4 కేజీలు, అంటే 360 పౌండ్లు. పోలిక కోసం చెప్తున్నా: ట్రాక్ మీద మాత్రమే పరిగెత్తే స్పెక్ మియాటా రేసింగ్ క్లాస్‌లో ముందు 700, వెనక 325 పౌండ్ల స్ప్రింగ్స్ వాడతారు. అవి తెచ్చి ఆఫీసు కారుకి వేస్తే నడుం పోతుంది.

రేట్ రాయకుండా ‘స్పోర్టీ ఫీల్’ అని మాత్రమే రాసిన బాక్స్‌ని పక్కన పెట్టండి. ప్రోగ్రెసివ్ స్ప్రింగ్స్ నొక్కేకొద్దీ గట్టిపడతాయి కాబట్టి రోడ్డు మీద హాయిగా ఉంటాయి. పోటీలో మాత్రం రేట్ మారని లీనియర్ స్ప్రింగ్స్‌తో కారు ఏం చేస్తుందో ఊహించడం సులభం.

కొనేముందు ఈ నాలుగూ చూడండి

1. రూల్ బుక్: ఎస్‌సీసీఏ ఆటోక్రాస్‌లో స్ట్రీట్ కేటగిరీకి ఫ్యాక్టరీ స్ప్రింగ్సే ఉండాలి. మార్చారంటే ఇంకా ఎక్కువ మార్పులు చేసిన కార్లతో పోటీ పడాలి. రూల్స్ ఏటా మారుతుంటాయి, ఆ ఏడాదివి చదవండి.

2. డాంపర్లు: స్ప్రింగ్ రేట్ రెట్టింపు అయితే డాంపింగ్ సుమారు 1.4 రెట్లు కావాలి. పాత డాంపర్ ఆ ఊపుని ఆపలేదు. రెండింటికీ కలిపి బడ్జెట్ వేసుకోండి.

3. మిగిలే ట్రావెల్: దించాక బంప్ స్టాప్‌కి ఎంత దూరం మిగులుతుందో అడగండి. స్ప్రింగ్ మరీ పొట్టిదైతే చక్రం గాల్లో వేలాడినప్పుడు వదులైపోతుంది, అది కూడా చూసుకోండి.

4. అలైన్‌మెంట్: ఎత్తు మారితే క్యాంబర్, టో రెండూ మారతాయి. స్ప్రింగ్స్ వేసిన రోజే ఆ ఖర్చు కూడా లెక్కేయండి.

నా వెర్డిక్ట్

40 మి.మీ. స్ప్రింగ్స్ తీసేశాను. ముందు 6 కేజీలు, వెనక 4 కేజీల లీనియర్ స్ప్రింగ్స్, వాటికి తగ్గ డాంపర్లు, పొట్టి బంప్ స్టాప్‌లు వేయించాను. కారు 20 మి.మీ. మాత్రమే దిగింది, ఫొటోల్లో పెద్ద తేడా లేదు. కానీ జిప్ టై ఇప్పుడు బంప్ స్టాప్‌కి వేలెడంత దూరంలో ఆగుతోంది. మా తమ్ముడు కూడా మళ్లీ పక్క సీట్లో కూర్చుంటున్నాడు.

ఇప్పుడిప్పుడే మొదలుపెట్టేవాళ్లయితే మొదటి డబ్బులు మంచి టైర్ల మీద, అలైన్‌మెంట్ మీద పెట్టండి. ఆ తర్వాత కూడా స్ప్రింగ్స్ కావాలనిపిస్తే, ముందు ఒక జిప్ టై కట్టి మీ కారు ఇప్పటికే ఎంత ట్రావెల్ వాడుతోందో చూసుకోండి. ఆ కొలత చేతిలో పెట్టుకునే షాపుకి వెళ్లండి.