శీతకాలాన్ని కోరే పూలపొద

పారశీకంలో 'నీలక్' అంటే నీలివన్నె కలిగినది అని అర్థం. ఆ మాటే 'లీలక్'గా మారి, అరబీలో 'లైలక్' అయి, తురుష్కుల నోట 'లేలాక్' అయి, చివరకు ఐరోపా భాషలలో 'లైలాక్' అన్న పూవు పేరుగా స్థిరపడింది. పారశీకుల 'నీల్'కూ మన 'నీలం'కూ మూలం ఒక్కటే. కనుక మనలో అనేకులు కంట చూడని ఈ పూవు పేరులో సగం మన ఇంటి మాటే.

పొద మాత్రం మన నేలది కాదు. దాని పుట్టుక బాల్కన్ ప్రాంతపు రాతి కొండలలో. ఉస్మానీయుల తోటలలో అది ఆదరణ పొందింది. సుల్తాన్ సులైమాన్ దర్బారులో హాబ్స్‌బర్గ్ రాజుల రాయబారిగా ఉన్న బుస్బెక్ 16వ శతాబ్ది నడుమ దానిని ఇస్తాంబుల్ నుండి వియన్నాకు చేర్చాడని తోటల చరిత్ర చెబుతుంది. తరువాతి కాలంలో వలస వెళ్ళినవారి వెంట అది అమెరికాకూ చేరింది.

నేడు టెక్సాస్, జార్జియా వంటి దక్షిణ రాష్ట్రాలలో మన తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడ్డాయి. నర్సరీలో బొమ్మ చూసి, పరిమళం గురించి విని, ఇష్టపడి ఈ మొక్కను తెచ్చుకునేవారు వారిలోనూ ఉంటారు. ఏడాది గడుస్తుంది, రెండేళ్ళు గడుస్తాయి, ఆకులు దట్టంగా వస్తాయి, పూవు మాత్రం రాదు. ఎరువు చాలలేదని తలచి ఇంకా వేస్తారు. నత్రజని ఎక్కువైన కొద్దీ ఆకే పెరుగుతుంది తప్ప మొగ్గ రాదు.

అసలు కారణం వేరు. లైలాక్ వచ్చే వసంతపు మొగ్గలను ముందటి వేసవిలోనే కట్టుకొని, చలికాలమంతా నిద్రిస్తుంది. సుమారు 7 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన తగినంత కాలం గడిస్తేనే ఆ నిద్ర సక్రమంగా తీరుతుంది. చలి చాలనిచోట మొగ్గ సరిగా విచ్చదు. దానికి తోడు గాలిలో తేమ ఎక్కువైతే ఆకులపై బూడిద తెగులు తెల్లగా పరచుకుంటుంది. ఇది పొదను చంపడం అరుదు, కాని అందం చెడుతుంది.

ఇరవయ్యవ శతాబ్ది నడుమ కాలిఫోర్నియాలోని డెస్కాన్సో తోటలో వాల్టర్ లామర్ట్స్ అనే మొక్కల శాస్త్రవేత్త తక్కువ చలితోనే పూచే రకాలను రూపొందించాడు. వాటిలో 'లావెండర్ లేడీ' ప్రసిద్ధం. అక్కడివారు శరదృతువులో నీరు తగ్గించి పొదను బలవంతంగా నిద్రపుచ్చుతారు. ఈ ఉపాయం పొడి వాతావరణానికి తగినది. హ్యూస్టన్‌లో గొట్టం కట్టివేయవచ్చు గాని, వానను ఎవరు కట్టివేయగలరు? తేమగల చోట్లకు చీలిన ఆకుల లైలాక్ రకమూ, కొరియా నుండి తెచ్చిన విత్తనాలతో పెంచిన 'మిస్ కిమ్' అనే పొట్టి రకమూ మేలు. మొదటిది వేడిని ఓర్చుకుంటుంది, రెండవది బూడిద తెగులును. అయితే హ్యూస్టన్ వంటి చోట ఇవి కూడా పూస్తాయని మేము హామీ ఇవ్వలేము.

నాటదలచినవారు రోజుకు ఆరు గంటల ఎండ తగిలే, నీరు నిలువని, గాలి ఆడే చోటు చూడాలి. పుల్లని నేల దీనికి పడదు. కత్తిరింపు పూలు రాలిన వెంటనే ముగించాలి. ఆలస్యంగా కత్తిరిస్తే మరుసటి ఏటి మొగ్గలే తెగిపోతాయి.

ఇక తెలుగు నేలపై దీనికై వ్యయపడవద్దని మా మాట. లంబసింగిలో గడ్డకట్టే చలి వేస్తుందని విని ఆశపడవద్దు, కొన్ని రాత్రుల చలి దీనికి చాలదు. హిందూదేశంలో హిమాలయ లైలాక్ అనే దీని బంధువు కాశ్మీర్, కుమావూఁ కొండలలో ఎత్తున పెరుగుతుంది. అది కూడా మైదానానికి దిగదు.

మన ఊళ్ళలో 'పర్షియన్ లైలాక్' పేరుతో ఎవరైనా మొక్క అమ్మితే అది చాలావరకు తురక వేపే కావచ్చు. పేరులో మన ప్రస్తావనే ఉన్నా, దాని స్వభావం ఎరిగినవారు మన ఇళ్ళలో తక్కువ. ఉర్దూలో దానిని 'బకాయన్' అంటారు. లేత ఊదా పూలతో, చక్కని వాసనతో అది మన ఎండలో సుఖంగా పెరుగుతుంది. గట్టి గింజలను గుచ్చి జపమాలలు చేసే వాడుక కూడా ఉండేది. కాని దాని పండ్లు విషం. ఆకు రాలిన తరువాత కూడా పసుపుపచ్చని గుత్తులుగా కొమ్మలకు వేలాడుతూ చిన్నపిల్లలను ఆకర్షిస్తాయి. తింటే వాంతులు, విరేచనాలు, ఒక్కొక్కప్పుడు మూర్ఛ కూడా రావచ్చు. పిల్లలున్న ముంగిట దానిని నాటవద్దు. ఇప్పటికే ఉన్నచోట రాలిన పండ్లను ప్రతిదినం ఊడ్చి పూడ్చివేయాలి. పిల్లవాడు నోట పెట్టుకున్నట్లు తెలిస్తే చిట్కాలకు పూనుకొనక, ఒక పండును చేతబట్టుకొని నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి. ఆ పండును చూస్తే వైద్యునికి విషయం త్వరగా బోధపడుతుంది.