మత్తడి ఎందుకు కట్టారు?



ఇవాళ వంటింట్లోనే మొదలుపెడతాను. ప్రెషర్ కుక్కరు మూతమీద విజిలు వేసే బరువు కాక, పక్కన చిన్న బిళ్ళలాంటిది ఒకటి ఉంటుంది చూశారా? అదే సేఫ్టీ వాల్వు. బరువు కింది రంధ్రంలో పప్పు అడ్డుపడి ఆవిరి బయటికి పోలేకపోతే లోపల వేడి మితిమీరుతుంది. అప్పుడు ఆ వాల్వులోని మెత్తని లోహం కరిగి ఆవిరికి దారి ఇస్తుంది. కొద్ది డబ్బుల వాల్వు పోతుంది, కుక్కరూ మనమూ మిగులుతాం.

ఇదే ఆలోచన మన చెరువుల్లోనూ ఉంది. శామీర్‌పేట కట్టమైసమ్మకు మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళినవాళ్ళలో ఎంతమంది ఆ కట్టను పరకాయించి చూసి ఉంటారు? వంటలు చేసుకుని తిని, నీళ్ళవంక చూసి వచ్చేస్తాం. నేనూ అంతే. మా పెద్దత్తమ్మ ఒకసారి, "నీళ్ళు చూసుడు కాదు బిడ్డా, ఎక్కువైతే ఎటు పోతయో చూడాలె" అనేదాకా నాకూ తట్టలేదు.

మేడ్చల్, శామీర్‌పేట వైపు నేల ఎత్తుపల్లాల రాతినేల. ఏడాది పొడుగునా పారే పెద్ద నది లేదు. నాలుగు నెలల వాననే పట్టి దాచుకోవాలి. సిమెంటు లేని రోజులు, ఇనుము ప్రియం. చేతిలో ఉన్నవల్లా మట్టి, రాయి, మనుషులు, ఎడ్లు. అందుకని పల్లానికి అడ్డంగా మట్టికట్ట వేశారు. అలలకు కోసుకుపోకుండా లోపలివైపు రాళ్ళు పేర్చారు. పొలాలకు నీళ్ళు వదలడానికి తూము పెట్టారు. దాన్ని తెరవడానికీ మూయడానికీ, కట్టమీద తిరిగి బొరియలు, పగుళ్ళు చూడడానికీ నీరటి ఉండేవాడు. పంట వచ్చాక అతని వాటా ధాన్యం అతనికి ముట్టేది.

అయితే మట్టికట్టకు ఒక బలహీనత ఉంది. పక్కనుంచి నీళ్ళు ఎంత ఒత్తినా ఓర్చుకుంటుంది గానీ, నెత్తిమీదుగా పారితే తట్టుకోలేదు. జానెడు గండి గంటల్లో బారెడవుతుంది. అందుకే కట్టకు ఒక చివర, గట్టి నేల చూసి, కట్టకంటే కొన్ని అడుగులు తక్కువ ఎత్తులో రాతితో మత్తడి కట్టారు. ఆంధ్ర వైపు అలుగు అంటారు. నీరు ఆ ఎత్తుకు రాగానే రాతిమీదుగా దుంకి, వాగులో పడి, కింది ఊరి చెరువుకు చేరుతుంది. అది నిండితే ఆ కింది చెరువుకు. అందుకే వీటికి గొలుసుకట్టు చెరువులని పేరు. కుక్కరు వాల్వు ఒకసారి కరిగితే మార్చాలి, మత్తడికి ఆ బాధ కూడా లేదు.

ప్లాటు కొనేటప్పుడు వినబడే ఎఫ్‌టీఎల్ అనే మాట కూడా ఇదే. నీరు సరిగ్గా మత్తడి అంచును తాకినప్పుడు చెరువు ఎంతవరకు పరుచుకుంటుందో ఆ హద్దే ఎఫ్‌టీఎల్. వేసవిలో అక్కడ చుక్క నీరు లేకపోయినా అది చెరువే.

గొలుసుకు ఒక ప్రమాదమూ ఉంది. పై చెరువు తెగితే ఆ నీళ్ళన్నీ ఒక్కసారి కింది చెరువుమీద పడతాయి. 1908 సెప్టెంబరులో మూసీ వరద వచ్చినప్పుడు జరిగింది అదే. నగరానికి ఎగువన ఉన్న 788 చెరువుల్లో 221 తెగాయని తర్వాత విచారించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు లెక్క తేల్చారు. ఆయన సలహామీదే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి.

మరి మనం చేస్తున్నదేమిటి? ఇంకొంచెం నీరు నిలుస్తుందని కొందరు మత్తడిమీద ఇసుక బస్తాలు పేరుస్తారు. అంటే కట్టను కాపాడే ఆ కొద్ది అడుగుల ఖాళీని వాడేసుకోవడమే. శిఖం భూమిలో ఇళ్ళు కట్టినచోట, ఇళ్ళు మునగకుండా మత్తడినే పగలగొట్టిన సందర్భాలూ ఉన్నాయి. అన్నిటికంటే చెడ్డది, మత్తడి కింది వాగును పూడ్చి ప్లాట్లు చేయడం. కుక్కరు వాల్వుమీద సీలువేసినట్టే కదా! 2020 అక్టోబరు వానలకు బాలాపూర్ దగ్గరి గుర్రం చెరువు కట్ట తెగి కింది బస్తీలు మునిగాయి. అక్కడివాళ్ళలో ఎంతమందికి తాము చెరువు కింద ఉన్నామని తెలిసి ఉంటుంది?

2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీశారు, ఆ మట్టి పొలాలకు వెళ్ళింది. మంచి పనే. కానీ పూడిక తీసినంత మాత్రాన వాగు తెరుచుకోదు.

కాబట్టి మేడ్చల్ వైపు ఇంటిస్థలం చూడబోతే, పుస్తెలతాడు కుదువపెట్టే ముందు ఈ పనులు చేయండి. ఊరి నక్షా తెప్పించి, ఆ సర్వే నంబరు పక్కన చెరువు, వాగు గీతలున్నాయేమో చూడండి. పదెకరాలు కాదు, పాతికెకరాలు దాటిన చెరువైతే హద్దునుంచి 30 మీటర్లలోపు కట్టకూడదని నిబంధన. స్థలం చూడడానికి ఎండాకాలంలో కాదు, ముసురు పట్టినప్పుడు వెళ్ళండి. ఊళ్ళో నీరటి కుటుంబంవారెవరైనా ఉంటే, మత్తడి దుంకితే నీళ్ళు ఏ దారిన పోయేవో అడగండి. వాళ్ళు నడిచి వెళ్ళి చూపిస్తారు.