కొత్త ఫోను తిప్పలు

కొత్త ఫోను కొన్నారు. డబ్బా విప్పారు. ఫోను తళతళా మెరుస్తోంది. పక్క బటను నొక్కి పట్టుకున్నారు. వెలిగింది. ఇక మాట్లాడుకోవచ్చు అనుకున్నారు.

అబ్బే, అప్పుడే ఎక్కడ? ఫోనే ఎదురు ప్రశ్నలు వేస్తుంది. ఏ భాష కావాలి? నెట్టు ఉందా? ఖాతా ఉందా? తాళం ఏం వేస్తారు? ఒకదానికి జవాబు చెబితే ఇంకొకటి వస్తుంది.

పాత బటన్ల ఫోనుకి ఈ గొడవ లేదు. సిమ్ము వేస్తే మోగేది. స్మార్ట్ ఫోను అలా కాదు. అది చిన్న కంప్యూటరు. దాంట్లో ఫొటోలుంటాయి. బ్యాంకు లెక్కలుంటాయి. ఉత్తరాలుంటాయి. కొత్త ఇంట్లో దిగితే సామాను సర్దుకోవాలి కదా. ఇదీ అంతే.

చాలామంది ఈ ప్రశ్నలు చూసి జంకుతారు. "నాకేం తెలుసు బాబూ, నువ్వే చేసిపెట్టు" అని షాపు కుర్రాడి చేతికి ఇస్తారు. అతను చకచకా నొక్కి రెండు నిమిషాల్లో ఇచ్చేస్తాడు. పని అయిపోయింది అనుకుంటారు. అసలు చిక్కు అక్కడే పడుతుంది. ఆ సంగతి కాసేపట్లో చూద్దాం. ముందు సిమ్ము.

సిమ్ము ఇప్పుడు గోరంత ఉంటుంది. ఫోను అంచున సన్నని గీతలాంటి అర ఉంటుంది. గీత పక్కనే చిన్న బెజ్జం. డబ్బాలో ఇచ్చిన పిన్నును ఆ బెజ్జంలో గుచ్చితే అర బయటికి వస్తుంది. జాగ్రత్త, ఫోను అంచున ఇంకా బెజ్జాలు ఉంటాయి. వాటిలో ఒకటి మైకు. మన మాట లోపలికి పోయేది దానిలోంచే. అందులో పిన్ను గుచ్చితే మైకు పాడవుతుంది. గీత పక్కన ఉన్న బెజ్జమే సిమ్ముది. పాత పెద్ద సిమ్మును కత్తెరతో కోయకండి. కంపెనీ దుకాణానికి వెళ్తే చిన్న సిమ్ము ఇస్తారు. నంబరు మారదు.

ఇంకో మాట. పాత ఫోనులో చుట్టాల నంబర్లు ఉంటాయి. అవి సిమ్ములో ఉంటే కొత్త ఫోనులోకి వస్తాయి. ఫోను లోపల ఉంటే రావు. అందుకే పాత ఫోను ఇంకా పనిచేస్తుండగానే నంబర్లను సిమ్ములోకి కాపీ చేయించుకోండి. లేదా నోటుబుక్కులో రాసుకోండి. చదువు వచ్చింది కదా, రాసుకుంటే ఎవరినీ అడగక్కర్లేదు.

భాష

ఫోను మొదట అడిగేది భాష. పట్టీ చాలా పొడుగు ఉంటుంది. వేలితో కిందికి జరుపుతూ పోతే "తెలుగు" అని మన అక్షరాల్లోనే కనిపిస్తుంది. దాన్ని నొక్కాలి.

అక్కడితో అంతా సులువు అనుకోకండి. ఫోనులో తెలుగు మనం మాట్లాడే తెలుగు కాదు. "తదుపరి" అంటుంది. ముందుకు పొమ్మని దాని అర్థం. "దాటవేయి" అంటే ఇప్పుడు వద్దు, వదిలేయి అని. "అనుమతించు" అంటే సరే, చేసుకో అని. "రద్దు చేయి" అంటే మానెయ్ అని. "పునఃప్రారంభించు" అంటే ఆర్పి మళ్లీ వెలిగించు అని. ఇంత పెద్ద మాటలు ఎందుకు పెట్టారో! "ముందుకు", "వద్దు", "సరే" అని రాస్తే పిల్లలకీ పెద్దలకీ తెలిసేది. అయినా ఈ ఐదు మాటలు గుర్తుపెట్టుకుంటే సగం పని అయినట్టే.

తెలుగు ఫోనులోకి రావడమే పెద్ద కథ. ఆండ్రాయిడ్ ఫోన్లు 2008లో మొదలయ్యాయి. తొలి రోజుల్లో వాటిలో తెలుగు సరిగా కనిపించేది కాదు. అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు కనిపించేవి. కారణం వాటిలో తెలుగు ఫాంటు లేకపోవడం. మన ఒత్తులు, గుణింతాలు ఇంకో చిక్కు. ఇంగ్లీషు అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి కూర్చుంటాయి. మన అక్షరాలు కిందికి దిగుతాయి, పైకి ఎక్కుతాయి. అది యంత్రానికి నేర్పాలి.

2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగింది. "జ్ఞా" అనే ఒక్క అక్షరాన్ని ఒక రకంగా టైపు చేసి పంపితే ఐఫోను తట్టుకోలేకపోయింది. మెసేజీల యాప్ మూతపడింది. మళ్లీ తెరిస్తే మళ్లీ మూత. అంత ఖరీదైన ఫోను! జ కింద ఞ ఒత్తు, పైన దీర్ఘం. అంతే. ఆ నెలలోనే కంపెనీ దాన్ని సరిచేసింది. ఒత్తుల దగ్గర మనమే కాదు, యంత్రాలూ తడబడతాయి.

ఇప్పుడు తెలుగులో టైపు చేయడం చూద్దాం. కీబోర్డు సెట్టింగుల్లో తెలుగును కలపాలి. ఆ తర్వాత కీబోర్డు మీద గోళం బొమ్మ కనిపిస్తుంది. దాన్ని నొక్కితే ఇంగ్లీషు పోయి తెలుగు వస్తుంది. క నుంచి హ దాకా తలకట్టుతోనే ఉంటాయి. గుణింతం గుర్తులు పక్కన ఉంటాయి. మరి ఒత్తు ఎలా? చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పొల్లు గుర్తు నొక్కి, తర్వాత అక్షరం నొక్కాలి. "అమ్మ" రాయాలంటే అ, మ, పొల్లు, మ. "రాత్రి" రాయాలంటే ర, దీర్ఘం, త, పొల్లు, ర, గుడి. మనం పలికే వరసే అది. నాలుగు రోజులు రాస్తే వేలికి అలవాటవుతుంది.

వేళ్లు తిరగకపోతే మైకు బొమ్మ ఉంది. నొక్కి మాట్లాడితే అదే రాస్తుంది. ఒక్కోసారి తప్పు రాస్తుంది. పంపేముందు చదివి చూసుకోవాలి.

ఖాతా

ఇప్పుడు షాపు కుర్రాడి సంగతి.

ఆండ్రాయిడ్ ఫోను గూగుల్ ఖాతా అడుగుతుంది. బ్యాంకు ఖాతాకి పాసుబుక్కు ఉన్నట్టు దీనికి ఒక మెయిల్ చిరునామా, ఒక పాస్‌వర్డు ఉంటాయి. కుర్రాడు తొందరలో ఏదో ఒక చిరునామా పెడతాడు. పాస్‌వర్డు తనకి తోచింది కొడతాడు. ఒక్కోసారి తన సొంత ఖాతానే పెట్టేస్తాడు. కొన్నామెకి ఏమీ చెప్పడు. ఆమె అడగదు. ఫోను బాగానే పనిచేస్తుంది.

ఆర్నెల్లు గడిచాయి అనుకోండి. పిల్లవాడు ఆడుకుంటూ తాళం మార్చేశాడు. లేదా ఆమే పిన్ను మర్చిపోయింది. ఫోను తెరుచుకోదు. రిపేరు షాపులో మొత్తం తుడిచేసి కొత్తదానిలా చేస్తారు. అప్పుడు ఫోను అడుగుతుంది: "ఇంతకు ముందు ఇందులో ఉన్న ఖాతా ఏది? పాస్‌వర్డు చెప్పు." ఆమెకు ఏం తెలుసు? కుర్రాడు ఆ షాపులో మానేసి ఎటో పోయాడు. డబ్బు పెట్టి కొన్న ఫోను ఆమెది. అయినా ఆ ఫోను కంటికి ఆమె దొంగ.

ఈ కాపలా 2015 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉంది. దొంగ ఎత్తుకుపోయి తుడిచినా వాడుకోకూడదని పెట్టారు. మంచిదే. కానీ ఖాతా వివరాలు తెలియని సొంతదారుకి కూడా అదే గతి పడుతుంది.

ఇది చిన్న నష్టం కాదు. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల్లో కూలీల హాజరు ఫోను యాప్‌లోనే వేయాలని కేంద్రం నిబంధన పెట్టింది. పని దగ్గర ఫొటో తీసి పంపాలి. ఆ పని మేటుది. మేటు ఫోను తెరుచుకోకపోతే కూలీల హాజరుకే ఎసరు. ఒక్కరి ఫోను మీద అంతమంది కూలి ఆధారపడి ఉంటుంది.

అందుకే ఖాతా మీ ఎదురుగా తెరిపించండి. మీ పేరు, మీ పుట్టిన తేదీ, మీ నంబరే ఇవ్వండి. పాస్‌వర్డు మీరే చెప్పండి. కాదు, మీరే కొట్టండి. మెయిల్ చిరునామా, పాస్‌వర్డు నోటుబుక్కులో రాసి ఇంట్లో పెట్టెలో దాచండి. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. డబ్బులు తీసుకున్నాడు కదా.

అప్పటికప్పుడు ఖాతా వద్దనుకుంటే "దాటవేయి" నొక్కవచ్చు. మాట్లాడటానికి అడ్డం లేదు. కొత్త యాప్‌లు దించుకునే ప్లే స్టోరు మాత్రం పనిచేయదు. ఇంటికి వచ్చాక నిదానంగా తెరుచుకోవచ్చు.

తాళం

ఫోనుకి తాళం పలు రకాలుగా వేయవచ్చు. గీత, పిన్ను, వేలిముద్ర.

చుక్కలు కలిపి గీసేది గీత. పక్కన కూర్చున్నవాళ్లు ఒక్కసారి చూస్తే పట్టేస్తారు. స్క్రీను మీద వేలి జిడ్డు కూడా దారి చూపిస్తుంది. పిన్ను అంటే అంకెలు. 1234 పెట్టకండి. పుట్టిన సంవత్సరం పెట్టకండి.

వేలిముద్ర దగ్గర కష్టం చేసుకునేవాళ్లకి ఇబ్బంది ఉంది. నాట్లు వేసే చేతులు, ఇటుకలు మోసే చేతులు, బీడీలు చుట్టే చేతులు. వేలి మీద గీతలు అరిగిపోతాయి. ఫోను గుర్తుపట్టదు. "మళ్లీ ప్రయత్నించండి" అంటుంది. ఎన్నిసార్లు పెట్టినా అదే మాట. తప్పు వేలిది కాదు, ఫోనుదే. పని తక్కువ చేసే చేతి వేలు పెట్టి చూడండి. అంటే కుడిచేతి వాటం వాళ్లు ఎడమచేయి. కొన్ని ఫోన్లలో ఒకే వేలిని రెండుసార్లు నమోదు చేయవచ్చు. చేతులు కడిగి, పూర్తిగా తుడుచుకున్నాక నమోదు చేయండి. వేలిముద్ర పెట్టినా పిన్ను ఎలాగూ ఉంటుంది. అది మర్చిపోకూడదు.

మనకు నచ్చినట్టు

సెట్టింగులు ఎక్కడ ఉంటాయి? పళ్లచక్రం బొమ్మ నొక్కండి. లోపల చాలా గదులు ఉంటాయి. అన్నీ తిరగక్కర్లేదు.

మొదట అక్షరాల సైజు. "డిస్‌ప్లే" అనే చోట ఉంటుంది. కొత్తగా చదివేవాళ్లకి, నలభై దాటిన కళ్లకి చిన్న అక్షరాలు కష్టం. పెద్దవి చేసుకోండి. వెలుతురు కూడా అక్కడే. ఎండలో పెంచుకోవాలి, రాత్రి తగ్గించుకోవాలి. స్క్రీను అరనిమిషానికే ఆరిపోయి చదవడం తెగిపోతుంటే ఆ సమయాన్నీ పెంచుకోవచ్చు.

బొమ్మలు తమంతట తామే చోటు మారాయని కొందరు కంగారు పడతారు. అవి మారలేదు. బొటనవేలు కాసేపు ఆనితే బొమ్మ లేస్తుంది. అలాగే జరిపితే జరుగుతుంది. పోయిందనుకున్న బొమ్మ పక్క పేజీలో ఉంటుంది.

కొత్త ఫోనులో మనం అడగని యాప్‌లు కూడా ఉంటాయి. ఆటలు, షాపులు, వార్తలు. పొద్దస్తమానం టింగుమంటూ కబుర్లు పంపుతాయి. కొన్ని తీసేయవచ్చు. కొన్ని తీసేయనివ్వవు, వాటి నోరు మాత్రం నొక్కవచ్చు. యాప్ బొమ్మ మీద వేలు నొక్కి పట్టుకుంటే దాని వివరాలు వస్తాయి. అందులో నోటిఫికేషన్లు ఆపేయండి.

"అనుమతించు" అన్నచోట మాత్రం ఆగి చదవండి. ఫొటోలు తీసే యాప్ కెమెరా అడిగితే న్యాయమే. పాటల యాప్‌కి మన చుట్టాల నంబర్లు ఎందుకు? అప్పు ఇస్తామనే యాప్ నంబర్లూ ఫొటోలూ అడిగితే అసలే ఇవ్వకండి. కట్టడం ఆలస్యమైతే ఆ నంబర్లన్నిటికీ ఫోన్లు చేసి పరువు తీసినవాళ్లు ఉన్నారు. వద్దంటే ఫోను ఏమీ అలగదు. కావాలంటే తర్వాత ఇవ్వవచ్చు.

వాట్సాప్‌లో ఫొటోలు, వీడియోలు వాటంతట అవే దిగుతుంటాయి. గుడ్ మార్నింగ్ పువ్వులతోనే ఫోను నిండిపోతుంది. నెట్టు కూడా అయిపోతుంది. దాని సెట్టింగుల్లో స్టోరేజీ దగ్గర ఈ దిగడాన్ని ఆపేయవచ్చు. అప్పుడు మనం నొక్కినవే దిగుతాయి.

డబ్బుల యాప్

యూపీఐ 2016లో వచ్చింది. కొత్త ఫోనులో ఇది పెట్టుకోవడం చాలామందికి కుదరదు. కారణం ఒక్కటే. బ్యాంకులో ఇచ్చిన నంబరు వేరు, ఫోనులో ఉన్న సిమ్ము వేరు. ఖాతా తెరిచినప్పుడు కొడుకు నంబరో, ఆగిపోయిన నంబరో ఇచ్చి ఉంటారు. యాప్ ఆ సిమ్ము నుంచి బ్యాంకుకి ఒక మెసేజి పంపుతుంది. ఆ సిమ్ము ఫోనులో లేకపోతే పని ముందుకు సాగదు. ముందు బ్యాంకుకి వెళ్లి నంబరు మార్పించాలి. సిమ్ములో మెసేజి పోయేంత బ్యాలెన్సు కూడా ఉండాలి.

యూపీఐ పిన్ను 4 అంకెలు లేదా 6 అంకెలు. ఇది నోటుబుక్కులో కూడా రాయకండి. డబ్బు పంపడానికి, ఖాతాలో ఎంత ఉందో చూడటానికే ఈ పిన్ను. డబ్బు మనకి రావడానికి పిన్ను అక్కర్లేదు. "మీకు డబ్బు వస్తుంది, పిన్ను కొట్టండి" అని ఎవరన్నా అంటే అది మోసం. మెసేజిలో వచ్చిన ఓటీపీ అడిగినా అంతే. బ్యాంకు మేనేజరునని చెప్పినా చెప్పకండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి. ఆలస్యమైతే డబ్బు చేతులు మారిపోతుంది.

ఒక పని మిగిలింది. మాట్లాడే అంకెల పలక తెరవండి. స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కండి. 15 అంకెలు కనిపిస్తాయి. అది మీ ఫోను సొంత గుర్తు. రెండు సిమ్ముల ఫోనుకి అలాంటివి రెండు ఉంటాయి. ఫోను పోతే పోలీసు స్టేషన్లో ఇవే అడుగుతారు. కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీలో ఈ అంకెలు ఇస్తే ఆ ఫోను ఏ సిమ్ముతోనూ పనిచేయకుండా ఆపుతారు. వీటిని మెయిల్ చిరునామా రాసిన పేజీలోనే రాసి, కొన్న రసీదును అక్కడే అంటించండి.