ఖిజా రంగుల కోసం కశ్మీర్ దాకా వెళ్లక్కర్లేదు

అక్టోబర్ చివరికల్లా కశ్మీర్ చినార్ ఆకులు ఎర్రబడ్డ ఫొటోలు వాట్సాప్‌లో తిరగడం మొదలవుతుంది. అవి చూసి మన్సూరాబాద్ వీధుల్లో అదే నెలలో రంగుల కోసం వెతికితే దొరికేది పచ్చదనమే. వానలు అప్పుడే ముగిసి ఉంటాయి, చెట్లకు నీళ్ల కొరత ఉండదు. శరదృతువు అంటే తెలుగులో ఆకాశం తేటపడే కాలం, అంతే. ఆకు రాలేది శిశిరంలో. ఉర్దూలో ఖిజా అనే మాటకు మన దగ్గర సరిపోయేవి జనవరి నుంచి మార్చి దాకా ఉన్న నెలలు.

చలి దేశాల్లో పగలు తగ్గడం, చలి పెరగడం వల్ల ఆకు పండుతుంది. ఇక్కడ ముఖ్య కారణం నేల ఎండిపోవడం. నీటిని కాపాడుకోవడానికి చెట్టు ఆకుల్ని వదిలించుకుంటుంది. ముందు ఆకులోని పత్రహరితం విరిగిపోతుంది, అప్పటిదాకా దాని కింద దాగిన పసుపు బయటపడుతుంది. కొన్ని చెట్లలో ఎరుపు కొత్తగా తయారవుతుంది.

మన గల్లీల్లో చినార్‌కు జవాబు బాదం చెట్టే. షీర్ ఖుర్మాలో వేసే బాదం కాదిది, వెడల్పాటి ఆకుల నాటు బాదం. డిసెంబర్, జనవరి నెలల్లో ఒకే కొమ్మ మీద ఆకుపచ్చ, పసుపు, నారింజ, ముదురు ఎరుపు నాలుగూ కనిపిస్తాయి. ఫిబ్రవరి, మార్చిలో వేప ఆకు పసుపై రాలుతుంది. రావి మాత్రం తిరకాసు. దాని రాగి రంగు రాలే ఆకుది కాదు, కొత్త చిగురుది. ఊరు దాటితే ఆకుల్లేని మోదుగ కొమ్మలకు నారింజ పూలు. దగ్గర్లోని వనస్థలిపురంలో 1975లో ఏర్పాటైన మహావీర్ హరిణ వనస్థలి ఉంది. అక్కడ ఈ కాలంలో ఎండుగడ్డి బంగారు రంగుకు తిరుగుతుంది, కృష్ణజింకలు దానిలో బాగా కనిపిస్తాయి.

ఫొటోకు ఖరీదైన కెమెరా అక్కర్లేదు. ఫజర్ నమాజు తర్వాత సూర్యుడు పైకి వచ్చిన మొదటి గంట, అసర్ తర్వాతి వేళ మంచివి. మిట్టమధ్యాహ్నం ఆకుల మీద తెల్లటి మెరుపు పడి రంగు వెలిసిపోయినట్టు వస్తుంది. సూర్యుడు ఆకు వెనకాల ఉండేలా నిలబడితే ఆకు దీపంలా వెలుగుతుంది, ఈనెలు కూడా కనిపిస్తాయి. తెర మీద ఆకును తాకి, వెలుతురు గుర్తును కొంచెం కిందికి లాగితే ఎరుపు నిలబడుతుంది. ఫోన్ తనంతట తాను సాయంత్రపు పసుపును చల్లబరుస్తుంది. వైట్ బ్యాలెన్స్ మార్చుకునే వీలుంటే 'క్లౌడీ' పెట్టుకోవాలి. కరెంటు తీగలు అడ్డొస్తే చెట్టంతా తీయాలన్న పట్టు వదిలి ఒక్క కొమ్మ తీయడం మేలు. జూమ్ చేయకుండా దగ్గరికి నడవాలి.

పాత ఇల్లు కూల్చి అపార్ట్‌మెంట్ కడితే తరచూ ముందుగా పోయేది గేటు ముందున్న బాదం చెట్టే. ఆకుల చెత్త ఊడ్వలేక నరికించే ఇళ్లూ ఉన్నాయి. చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలన్నది చాలామందికి తెలియదు. తేదీతో ఫోన్‌లో ఉన్న ఫొటో అక్కడ చెట్టు ఉండేదని చూపించడానికి పనికొస్తుంది.

పిల్లలకు ఈ పని అప్పగించవచ్చు. గేటు దగ్గర ఒకే చోట నిలబడి, జనవరి మొదటి జుమా నుంచి వారానికొక ఫొటో తీస్తే చాలు. మార్చి చివరికి పన్నెండు, పదమూడు ఫొటోలు వస్తాయి: ఎర్రటి చెట్టు, మోడు కొమ్మలు, మళ్లీ లేత చిగురు.