లైనక్స్ రెయిడ్ పునర్నిర్మాణం: అపోహలు – వాస్తవాలు

అపోహ: పాడైన డిస్కును తీసి కొత్తది బిగిస్తే చాలు, మిగిలినది లైనక్స్ చూసుకుంటుంది.

వాస్తవం: పలు డిస్కులను ఒకే శ్రేణిగా కలిపి, ఒకటి చెడినా సమాచారం నిలిచేలా చేసే ఏర్పాటే రెయిడ్. లైనక్స్‌లో దీనిని కెర్నెల్‌లోని ఎండీ డ్రైవర్ నడుపుతుంది. ముందుగా స్పేర్ డిస్కును కేటాయించి ఉంటే తప్ప, సాధారణంగా ఎండీఏడీఎం అనే ఉపకరణంతో పాత డిస్కును తొలగించి, కొత్త డిస్కుపై అంతే పరిమాణం గల పార్టిషన్‌ను ఏర్పరచి, యాడ్ ఆదేశంతో దానిని శ్రేణిలో చేర్చవలసి ఉంటుంది. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ వంటి పేర్లు రీబూట్ తరువాత మారిపోవచ్చు గనుక, తీయవలసిన డిస్కును సీరియల్ నంబరుతోనే పోల్చుకోవాలి.

అపోహ: శ్రేణి తెరుచుకోకపోతే క్రియేట్ ఆదేశంతో మళ్లీ సృష్టించుకోవచ్చు.

వాస్తవం: అపోహలన్నింటిలో అత్యంత ప్రమాదకరమైనది ఇదే. శ్రేణి వివరాలు భద్రపరిచే సూపర్‌బ్లాక్‌ను ఈ ఆదేశం కొత్తగా రాస్తుంది. డిస్కుల వరుసగాని, ఒక్కో డిస్కుపై వరుసగా రాసే ముక్క పరిమాణంగాని, సమాచారం మొదలయ్యే స్థానంగాని పాతదానితో సరిపోలకపోతే, ఆ వెంటనే మొదలయ్యే సింక్, అంటే డిస్కులను ఒకదానితో ఒకటి పొంతన కుదిరేలా తిరగరాసే ప్రక్రియ, అసలు సమాచారాన్నే చెరిపివేయగలదు. ఉన్న శ్రేణిని తిరిగి కూర్చడానికి వాడవలసినది అసెంబుల్ ఆదేశం.

అపోహ: సమాచారం కొద్దిగా ఉంటే పునర్నిర్మాణం త్వరగా ముగుస్తుంది.

వాస్తవం: ఎండీకి ఫైళ్లతో నిమిత్తం లేదు, బ్లాకులే తెలుసు. అందువల్ల 4 టెరాబైట్ల డిస్కులో 100 గిగాబైట్లే నిండి ఉన్నా మొత్తం డిస్కును రాయవలసిందే. సెకనుకు సగటున 150 మెగాబైట్ల వేగంతో అందుకు సుమారు ఏడున్నర గంటలు పడుతుంది.

అపోహ: పునర్నిర్మాణం మొదలైతే గండం గడిచినట్లే.

వాస్తవం: రెయిడ్ రకాల్లో ఒకటైన రెయిడ్ 5లో కొత్త డిస్కులో రాయవలసిన ప్రతి బ్లాకునూ మిగిలిన డిస్కులన్నింటినీ చదివి లెక్కగట్టాలి గనుక, ఏళ్ల తరబడి ఎవరూ తాకని చోట దాగిన చెడు సెక్టార్లు ఈ గంటల్లోనే బయటపడతాయి. సాధారణ డెస్క్‌టాప్ డిస్కు అటువంటి సెక్టార్‌ను చదవడానికి నిమిషానికి పైగా ప్రయత్నించవచ్చు. కెర్నెల్ మాత్రం మామూలుగా 30 సెకన్లే వేచి చూస్తుంది కాబట్టి, బాగున్న డిస్కు సైతం శ్రేణి నుంచి వెలివేతకు గురికావచ్చు. డిస్కులన్నీ ఆరోగ్యంగా ఉన్నప్పుడే శ్రేణి మొత్తాన్ని చదివి చూసే చెక్‌ను క్రమం తప్పకుండా నడిపితే ఈ సెక్టార్లు ముందే పట్టుబడతాయి. పునర్నిర్మాణం పూర్తయ్యే వరకు రెయిడ్ 5కు మరో డిస్కు నష్టాన్ని తట్టుకునే శక్తి ఉండదు గనుక, యాడ్ ఆదేశం ఇవ్వడానికి ముందే బ్యాకప్ ఉందో లేదో, అది తెరుచుకుంటుందో లేదో నిర్వాహకులు తప్పక సరిచూసుకోవాలి.