వేరు కుళ్లింది... దొంగ ఎవరు?

పొగాకు తెగులును అమెరికా రైతు ఎలా పట్టుకుంటాడంటే...

రాలీ, క్యారీల్లో ఉంటున్న మనవాళ్లు వేసవిలో కారేసుకుని తూర్పున విల్సన్ వైపు వెళితే పొగాకు చేలు కనిపిస్తాయి. ఒంగోలు, కందుకూరు, జంగారెడ్డిగూడెం నుంచి వచ్చినవారికి ఊరు గుర్తుకు రాక మానదు. మన దగ్గర 'వర్జీనియా' అని పిలిచే పొగాకుకు ఆ పేరు వచ్చింది నార్త్ కరోలినాకు ఆనుకుని ఉన్న రాష్ట్రం నుంచే మరి! పంట ఒకటే. దాని వేరును తినేసే తెగుళ్లూ చాలావరకు ఒకటే. తేడా అల్లా రైతు మొదట చేసే పనిలో ఉంది.

ఊర్లో మొక్క వాడగానే మందుల కొట్టుకు పరిగెడతాం. కొట్టాయన ఇచ్చింది పోసేస్తాం. ఇక్కడి రైతు ముందు మొక్కను తవ్వి ల్యాబ్‌కు పంపుతాడు. ఎందుకంటే వాడిపోవడం అనేది ఒకటే లక్షణం... కారణాలు మాత్రం నాలుగైదు!

అనుమానితులు వీరే

మొదటిది బ్లాక్ షాంక్. మనవాళ్లు నల్లకాడ తెగులు అంటారు. 1896లో జావాలో దీన్ని గుర్తించారు. 1915 నాటికి అమెరికాలోని జార్జియాకు, 1931లో నార్త్ కరోలినాకు చేరింది. కారకం పేరు ఫైటోఫ్తొరా నికోషియానే. వెచ్చటి, తడి నేల దీనికి ఇష్టం. దీని బీజాలు నీటిలో ఈదుకుంటూ వేరును వెతుక్కుంటాయి. నిజానికి ఇది అసలు శిలీంధ్రం కాదు, నాచు జాతులకు దగ్గరి చుట్టం. నారుమడిని కుళ్లబెట్టే పిథియం కూడా ఈ కుటుంబమే.

రెండోది థైలావియాప్సిస్ అనే అసలు సిసలు శిలీంధ్రం. వేర్లు నల్లబడి మొండిగా మారతాయి. చల్లటి నేల, సున్నం ఎక్కువై ఆమ్లగుణం తగ్గిన నేల దీనికి అనుకూలం. ఇవి కాక ఫ్యుజేరియం, రైజోక్టోనియా ఉన్నాయి. నార్త్ కరోలినాలోని గ్రాన్విల్ కౌంటీ పేరుతో పిలిచే ఎండు తెగులుకైతే బ్యాక్టీరియా కారణం.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. మెటలాక్సిల్, మెఫెనాక్సమ్ లాంటి మందులు ఫైటోఫ్తొరా, పిథియంల మీద పనిచేస్తాయి. థైలావియాప్సిస్ మీద, బ్యాక్టీరియా మీద పోస్తే డబ్బు మట్టిలో పోసినట్టే.

కత్తి, గ్లాసు, క్యారెట్

చేలోనే కొంత తేల్చుకోవచ్చు. కాండాన్ని నిలువుగా చీల్చి చూస్తే లోపలి బెండు ఎండి, బిళ్లలు పేర్చినట్టు విడివిడిగా కనిపిస్తే నల్లకాడ అని అనుమానించాలి. కోసిన కాండం ముక్కను గ్లాసుడు మంచినీళ్లలో నిలబెడితే పాలదారల్లాంటివి కిందికి జారితే అది బ్యాక్టీరియా. థైలావియాప్సిస్‌కు క్యారెట్టే ఎర! అనుమానం ఉన్న తడిమట్టిని క్యారెట్ చక్రాల మీద ఉంచి, కొన్ని రోజుల తర్వాత కడిగి చూస్తే శిలీంధ్రం నల్లగా మొలుస్తుంది.

రూఢి చేయాల్సింది మాత్రం ల్యాబే. రాలీలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో మొక్కల తెగుళ్ల క్లినిక్ ఉంది. కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసు ద్వారా అక్కడికి శాంపిల్ పంపొచ్చు. వేరు ముక్కలను కడిగి, ప్రత్యేక ఆహారం పోసిన గాజు పళ్లేల్లో పెంచుతారు. మైక్రోస్కోపులో బీజాల ఆకారం చూస్తారు. అవసరమైతే డీఎన్ఏ పరీక్ష చేస్తారు.

నల్లకాడలోనూ రకాలున్నాయి. తట్టుకునే జన్యువున్న వంగడాలు వేయగా వేయగా, రేస్ 0 తగ్గి వాటికి లొంగని రేస్ 1 పెరిగింది. కాబట్టి 'ఏ తెగులు' అనే కాదు, 'ఏ రేస్' అన్నదీ తెలిస్తేనే వచ్చే ఏడాది విత్తనం ఎంచుకోగలరు.

ఇంటికి ఫోన్ చేస్తే ఇవి చెప్పండి

* పూర్తిగా చచ్చిన మొక్క వద్దు. దాని మీద కుళ్లు తినే శిలీంధ్రాలు చేరి అసలు దొంగను కప్పేస్తాయి. అప్పుడే వాడుతున్న మొక్కలు తీయాలి.
* పీకకూడదు. పారతో వేర్లు, మట్టి సహా తవ్వాలి. పీకితే కుళ్లిన వేర్లు నేలలోనే ఉండిపోతాయి.
* వేర్లను మట్టితో సహా ప్లాస్టిక్ సంచిలో కట్టాలి. నీళ్లు చల్లకూడదు, ఎండలో పెట్టకూడదు.
* ఏ మందు వేశారు, ముందు ఏ పంట వేశారు, ఎక్కడ నీరు నిలుస్తుంది... చీటీ మీద రాయాలి.
* రాజమహేంద్రవరంలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థగా మొదలైన కేంద్రాన్ని గానీ, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రాన్ని గానీ అడగాలి.

ఒక్క హెచ్చరిక. 'ఇక్కడి ల్యాబ్‌లో చూపిద్దాం' అని ఊరి మట్టిని, రోగం మొక్కను సూట్‌కేసులో తేవొద్దు. పర్మిట్ లేకుండా మట్టిని అమెరికాలోకి తేవడం నిషేధం.

నల్లకాడ బీజాలు నేలలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. ఈ ఏడాది పొరపాటుగా పోసిన మందు ఖర్చు ఒక ఎత్తు, తెగులు పక్క మడికీ పాకడం మరో ఎత్తు. కౌలు కట్టి, బ్యారన్ మీద అప్పు తెచ్చిన ఇంట్లో ఆ తేడా ఎంతో మనకు తెలియంది కాదు. మందు సీసా కంటే ముందు మొక్క ల్యాబ్‌కు వెళ్లాలి.